విరిగిన మణికట్టు, అతుకుల బొంత

ఈ శీర్షికకు ఉత్తరాలు వ్రాసే స్త్రీలలో, యాభై దాటినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "చెయ్యి విరిగి కట్టు విప్పారు గాని వేళ్ళు ముడుచుకోవడం లేదు, ఏం చెయ్యమంటారు?" అని. ఇన్నేళ్ళూ తడుముకోకుండా జవాబు వ్రాశాను. రోజుకు నాలుగుసార్లు వేళ్ళు ముడవండి, చాపండి, గోరువెచ్చని నీళ్ళలో మణికట్టు మెల్లగా తిప్పండి అని. చెప్పడం ఎంత సులువో క్రిందటేడు కార్తీకమాసంలో నాకు తెలిసివచ్చింది.

తెల్లవారుజామున పెరట్లో తడిగచ్చు మీద కాలు జారింది. పడబోతూ కుడిచెయ్యి ఆనించాను. లేచి చూసుకుంటే మణికట్టు ఫోర్కు వంగినట్లు వంగి ఉంది. వైద్యవిద్యార్థులందరూ చదువుకునే వంపే అది. 1814లో, అంటే ఎక్స్‌రే పుట్టడానికి ఎనభై ఏళ్ళ ముందే, అబ్రహాం కాలిస్ అనే ఐరిష్ శస్త్రవైద్యుడు ఆ వంపును చూచి ఏ ఎముక ఎక్కడ విరుగుతుందో చెప్పాడు. నాకు ఆయన పేరు గుర్తొచ్చేలోగా కళ్ళు తిరిగాయి.

ఆరు వారాలు సిమెంటు కట్టు. విప్పిన రోజున నా చెయ్యి నాది కాదనిపించింది. చర్మం పొట్టు లేచి, కండ కరిగి, వేళ్ళు కర్రల్లా ఉన్నాయి. అన్నం కలిపి ముద్ద ఎత్తలేను. వాటన్నిటికన్నా బాధ పెట్టిన సంగతి వేరు. గుడిలో తీర్థానికి చెయ్యి చాస్తే అరచెయ్యి పైకి తిరగలేదు. పూజారిగారు ఒక్క క్షణం ఆగి, ఎడమచేతిలో పొయ్యలేక, నావైపు చూచి తర్వాతి మనిషి దగ్గరకు వెళ్ళిపోయారు.

వ్యాయామం నేర్పిన అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చి పిసకమంది. రెండు రోజులు పిసికాను. మూడో రోజు బంతి మంచం క్రిందికి పోయింది, నేను వెతకలేదు. రోగులు ఇలా చేస్తే ఎంత కసిరేదాన్నో!

అప్పుడే మా అమ్మాయికి ఎనిమిది నెలల పాపాయి. సంక్రాంతి వెళ్ళాక వస్తామన్నారు. అమ్మ పోయి నాలుగేళ్ళయినా ఆమె నేతచీరలు పెట్టెలోనే ఉన్నాయి. మెత్తబడిన మంగళగిరి చీరలు, అంచులు పోయిన వెంకటగిరివి రెండు. వాటితో పాపకు అతుకుల బొంత కుడదామని బుద్ధి పుట్టింది. బొత్తాం తప్ప ఎన్నడూ ఏమీ కుట్టనిదాన్ని. వ్యాయామం నేర్పే అమ్మాయిని అడిగితే, ఎముక అతుక్కున్నట్లు ఎక్స్‌రేలో తేలింది కాబట్టి సూదిపని చేసుకోవచ్చునని, అయితే తను చెప్పిన వ్యాయామాలు మానరాదని షరతు పెట్టింది.

మొదటి చీరకు కత్తెర పెట్టాను. బొటనవేలి మొదట్లో ప్రాణం పోయినంత నొప్పి. మా ఇంట్లో పనిచేసే పెద్దావిడ చూచి, "డాక్టరమ్మా, గుడ్డని కోస్తారేంటండీ? చింపండి. పోగు ఎంబడే పోద్ది," అంది. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి రెండు చేతులతో లాగితే నూలుచీర గీత గీసినట్లు చిరుగుతుంది. జీర్ణించిన చోటు అడ్డదిడ్డంగా చిరిగి తనంతట తానే బయటపడుతుంది, దాన్ని తీసిపారేయవచ్చు. ఆ చప్పుడు మాత్రం వినలేకపోయాను. అమ్మ ఆ చీర కట్టుకుని వడియాలు పెట్టడం గుర్తొచ్చింది. పెద్దావిడ కాసేపు నన్ను అలా ఉండనిచ్చి, మిగతావి తనే చింపింది.

కొలతకు పాత శుభలేఖ అట్ట పనికొచ్చింది. ఆరున్నర అంగుళాల చదరం. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులో పోతే ఆరంగుళాలు మిగులుతుంది. అడ్డం ఏడు, నిలువు తొమ్మిది, మొత్తం అరవైమూడు ముక్కలు. మూడున్నర అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల పొడవు వస్తుంది. ముందు వరుసలు వరుసలుగా కుట్టుకుని, ఆ వరుసలను ఒకదానికొకటి కలపాలి. కొత్తగుడ్డ ఉతికితే ముడుచుకుంటుంది గనుక పాతదానితో కలపరాదు. రంగు పోతుందేమో తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. ఇవన్నీ తెలిసి కూడా నా మూడో వరుస మొదటిదానికంటె రెండంగుళాలు పొడవు వచ్చింది. మూలలు కలవలేదు. విప్పి మళ్ళీ కుట్టాను. ఆ విప్పడంలోనే, సన్నదారాన్ని గోటితో పట్టుకోవడంలోనే, నా బొటనవేలు చూపుడువేలిని మొదటిసారి సరిగ్గా తాకింది. బంతితో జరగని పని!

కుట్టేటప్పుడు నేను చేసిన తప్పులు చెబుతాను, మీరు చెయ్యకండి. మొదటిరోజు గంటన్నర కదలకుండా కూర్చున్నాను. మర్నాడు మెడ పట్టేసింది. ఒళ్ళో తలగడ పెట్టుకుని పని దానిమీద ఉంచితే తల అంతగా వంచనక్కరలేదు. ఇరవై నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి. దారం మూరన్నర మించితే చిక్కుపడుతుంది, చెయ్యి బారెడు లాగి భుజం నొప్పి పుడుతుంది. కుడిచేతివాటం వారికి వెలుతురు ఎడమవైపునుంచి రావాలి. చత్వారం వచ్చినవారు సూదిలో దారం ఎక్కక కళ్ళు చికిలించి తలనొప్పి తెచ్చుకుంటారు, అద్దాలు సరిచూపించుకోవడమే మందు.

మధుమేహం ఉండి వేళ్ళు మొద్దుబారినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. సూది గుచ్చుకున్నా తెలియదు. దర్జీలు పెట్టుకునే ఇత్తడి తొడుగు వేలికి పెట్టుకుని, పని అయ్యాక వేళ్ళు చూసుకోవాలి. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టులో నరం నొక్కుకుంటున్నదేమో చూపించుకోండి. కట్టు విప్పాక చెయ్యి వాచి, చర్మం నిగనిగలాడి, మండిపోతుంటే అది మామూలు నొప్పి అనుకుని బొంత కుడుతూ కూర్చోకండి, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

అతుకులపొర అయ్యాక అడుగున ఒక చీర మడత, మధ్య రెండు పాత ధోవతులు పరిచాము. దూది పెట్టలేదు, ఉతికితే గడ్డకడుతుందని. నేను తొందరపడి అంచులనుంచి కుట్టుకుంటూ వచ్చేసరికి మధ్యలో పూరీలా పొంగింది. మళ్ళీ విప్పుడు. నేలమీద పరిచి, మూలలకు బరువులు పెట్టి, అరచేతితో ముడతలు సాపుచేస్తూ మధ్యనుంచి బయటకు కచ్చాకుట్టు వేస్తే పొంగదు. తర్వాత దబ్బనంతో బెత్తెడు ఎడంగా వరుసలు. కన్నడదేశపు కౌదీ అయినా, మరాఠీవారి గోధడీ అయినా, వంగదేశపు కాంథా అయినా చివరికి ఈ సాదాకుట్టే.

పాప వచ్చే ముందురోజు సూదులు లెక్కపెడితే ఒకటి తక్కువ! ఒళ్ళు చల్లబడిపోయింది. బొంతలో ఉందంటే పసిదాని ఒంట్లోకి దిగుతుంది. అంగుళం అంగుళం నొక్కి చూశాము. అయస్కాంతం తెప్పించి రెండువైపులా తిప్పాను. రాత్రి పదకొండయింది. అన్నిటినీ చింపి పారేద్దామనుకున్నాను. చివరికి నా కుర్చీ మీది దిండులో దొరికింది. ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడ దాన్ని సీసాలో వేసి మూత బిగించింది.

మా అమ్మాయి బొంత చూచి పాపకు కప్పబోయింది. నేనే వారించాను. ఏడాది నిండనిదే నిద్రలో పసిపిల్లలమీద బొంతలు, రజాయిలు కప్పరాదు, ముఖంమీద పడితే ఊపిరాడదు. కుట్టినదాన్ని నేనే, వద్దన్నదాన్ని నేనే! నేలమీద పరిచాము. పాప దానిమీద పాకి, అమ్మ వెంకటగిరి చీర ముక్క నోట్లో పెట్టుకుంది.

ఇంకొక సంగతి. నిలబడిన ఎత్తునుంచి పడి మణికట్టు విరిగిందంటే, ముట్లుడిగిన స్త్రీకి అది ఎముకలు గుల్లబారుతున్నాయన్న సూచన కావచ్చు. నేను కూడా వాయిదా వేస్తూ వేస్తూ మాఘంలో ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకున్నాను. తగ్గిందన్నారు. వారానికొక మాత్ర ఇచ్చారు. పరగడుపున గ్లాసెడు నీళ్ళతో మింగి అరగంటసేపు పడుకోకుండా ఉండాలి. ఆ అరగంట సూది పట్టుకుని కూర్చుంటున్నాను.

చెయ్యి ఇప్పుడు మూడువంతులు తిరుగుతోంది. తీర్థం సగం వేళ్ళసందునుంచి కారిపోతుంది గాని, సగం నోటికి అందుతోంది. రెండో బొంత మా పెద్దావిడ మనవరాలికి మొదలుపెట్టాము. ఈసారి సూదులు ఆరు, ఆ అంకె సీసామూత మీద వ్రాసి అంటించాను.