జీపు ముందరి ఇనుప పట్టె

మన కళాశాల వార్షిక సంచికలో విద్య, క్రమశిక్షణ, దేశసేవ మున్నగు విషయాలపై వ్యాసాలు వెలువడటం పరిపాటి. వాటి నడుమ ఒక ఇనుప పట్టెను గురించిన వ్యాసం కొందరు పాఠక మిత్రులకు వింతగా తోచవచ్చును. కాని రెండు సంవత్సరాలు తరగతి గదిలో చదివిన బలము, ద్రవ్యవేగము, శక్తి అనే మాటలు నా చేతికి బరువుగా తగిలినది ఆ పట్టెను తయారు చేసిన వారం రోజులలోనే. అందుచేత దానిని గురించి నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను.

మనిషికి నొసలు ఎటువంటిదో వాహనానికి బంపరు అటువంటిది. ఏ దెబ్బ అయినా మొదట దానికే తగులుతుంది. జీపు విషయంలో ఇది మరింత నిజం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941 నుండి 1945 వరకు, అమెరికాలోని విల్లీస్, ఫోర్డ్ కర్మాగారాలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారు చేశాయి. వాటి బంపరులో ఎటువంటి అలంకారమూ లేదు. చాసిస్ కొసలకు బోల్టులతో బిగించిన ఒక ఇనుప పట్టె, అంతే. ఐరోపాలో శత్రువులు దారికి అడ్డముగా, సరిగా డ్రైవరు మెడ ఎత్తున, సన్నని తీగలు కట్టేవారు. అప్పుడు సైనిక వర్క్‌షాపులలోని పనివారు ఆ బంపరు మీద నిలువుగా ఒక యాంగిల్ కడ్డీని అతికి, తీగను తెంచే సాధనంగా మార్చారు. ఎందరి ప్రాణాలనో కాపాడిన ఆ కడ్డీ ఒక విధంగా చేతిపని బంపరే గదా!

మన దేశానికి జీపు వచ్చిన కథ కూడ ఆసక్తికరమైనది. 1945లో మహీంద్రా సోదరులు, గులాం మహమ్మద్ కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ అనే సంస్థను స్థాపించారు. 1947లో విల్లీస్ జీపులను ఇక్కడ కూర్చడం మొదలైనది. దేశ విభజనానంతరం గులాం మహమ్మద్ పాకిస్థానుకు వెళ్ళి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారినది. పేరు మారినది గాని బండి మారలేదు. మన పల్లెటూళ్ళలో పెళ్ళివారిని, రోగులను, ఎరువుల బస్తాలను మోసినది ఆ జీపే.

మా మామూకు కర్నూలులో చిన్న వెల్డింగు దుకాణం ఉన్నది. సెలవులలో నేను అక్కడే ఉంటాను. ఆ దుకాణంలో ఏ భాష మాట్లాడుతారని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. గునియా, పానా ఉర్దూవారివి. సుత్తి, ఆకురాయి తెలుగువారివి. నట్టు, బోల్టు ఇంగ్లీషువారివి. ఇనుముకు మాత్రం ఈ భేదం తెలియదు. కొలత సరిగా ఉంటే ఏ భాషలో చెప్పినా అతుక్కుంటుంది, లేకపోతే ఏ భాషలో బతిమాలినా అతుక్కోదు.

2022 వేసవిలో ఆత్మకూరు వైపు నుండి ఒక పెద్దయ్య తన పాత మహీంద్రా జీపుతో వచ్చాడు. బంపరు తుప్పు పట్టి, గోరుతో గీస్తే పొలుసులుగా రాలుతున్నది. అడవి దారిలో రాత్రివేళ అడవిపందులు అడ్డం వస్తాయని, కనుక ఛాతీ ఎత్తున లావుపాటి గొట్టాలతో, ముందుకు పొడుచుకు వచ్చే కొమ్ములతో ఒక గార్డు కావాలని ఆయన కోరిక. అడిగినంత ఇస్తానన్నాడు. నా పరీక్ష రుసుము కట్టవలసిన గడువు దగ్గరపడుతున్నది. ఆ ఒక్క పనితో అది తీరిపోతుందని మామూకూ తెలుసు, నాకూ తెలుసు.

మామూ వాదించలేదు. సుద్దముక్క తీసుకొని, పక్కింట్లో రెండవ తరగతి చదువుతున్న పిల్లవానిని పిలిచి జీపు ముందు నిలబెట్టాడు. పెద్దయ్య కోరిన గొట్టం ఎక్కడికి వస్తుందో టేపుతో కొలిచి, రేడియేటరు జాలీ మీద ఒక గీత గీశాడు. ఆ గీత పిల్లవాని నుదుటికి సరిగా ఎదురుగా ఉన్నది. తరువాత పిల్లవానికి ఒక చాక్లెట్టు ఇచ్చి పంపివేశాడు.

“పెద్దయ్యా, అడవిలో పంది ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఊళ్ళో పిల్లలు రోజూ వస్తారు” అన్నాడు.

పెద్దయ్య ఆ గీత వైపు చాలసేపు చూశాడు. “సరే భాయ్, పాతది ఎట్లుండెనో అట్లే చెయ్యి” అన్నాడు చివరకు.

మామూ చెప్పినది కేవలం దయతో కూడిన మాట కాదు. దాని వెనుక శాస్త్రమూ ఉన్నది, చట్టమూ ఉన్నది. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ 2017 డిసెంబరులో ఇటువంటి గార్డులు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని రాష్ట్రాలకు తెలియజేసినది. 2005లోనే ఐరోపా సమాఖ్య పాదచారుల రక్షణ కొరకు వీటిపై నిబంధనలు విధించినది. వెడల్పైన రేకు తాకిన దెబ్బ కంటె సన్నని గొట్టం తాకిన దెబ్బ ఘోరంగా ఉండుటకు కారణం తరగతిలో చదివినదే: అదే బలం తక్కువ వైశాల్యం మీద పడితే ఒత్తిడి పెరుగుతుంది.

మరొక లెక్క చూడండి. మనుషులతో కలిసి 1500 కిలోల బరువున్న జీపు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిశక్తి సుమారు 92,000 జౌళ్ళు. అదే జీపును ఆరు మీటర్ల ఎత్తు నుండి, అంటే దాదాపు రెండంతస్తుల మేడ మీద నుండి, క్రింద పడవేసినట్లు లెక్క. ఆ శక్తి ఎక్కడికో పోవలె. బంపరు వంగితే కొంత దానిలో పోతుంది. బంపరు ఏమాత్రం వంగకపోతే చాసిస్ వంగుతుంది, లేదా లోపలి మనిషి ఎముక విరుగుతుంది. కావున బలమైన బంపరు అంటే వంగనిది కాదు. తగిన చోట, తగినంత వంగేది.

ఇక పని సంగతి. పాత బోల్టులకు రాత్రంతా కిరసనాయిలు పట్టించి, ఉదయం పానాతో విప్పాము. చాసిస్ కొసల మీద అట్టముక్క పెట్టి రంధ్రాల గుర్తులు తీసుకొన్నాము. చాసిస్‌కు కొత్త రంధ్రం వేయరాదు, దానికి వెల్డింగు చేయరాదు అనునది మామూ మొదటి నియమం. బండి ప్రాణం దానిలోనే ఉన్నది. పాత పట్టె కొలతకే 100 మిల్లీమీటర్ల సి-ఛానల్‌ను 1300 మిల్లీమీటర్ల పొడవున కోశాము. కొసలను అడుగుభాగాన ఏటవాలుగా తీశాము. గట్టు ఎక్కేటప్పుడు బంపరు కంటె ముందుగా చక్రం నేలను అందుకోవలె గదా.

బిగింపు కొరకు 6 మిల్లీమీటర్ల పలకలను ఛానల్‌కు అతకడంలోనే అసలు నేర్పు కనిపించినది. మొదట అక్కడక్కడ చుక్కలవలె మాత్రమే అతికి, గునియా పెట్టి చూచి, ఆ తరువాతనే పూర్తి వెల్డింగు. అదైనా ఒకేచోట కాక, కుడివైపు ఒక అంగుళం, ఎడమవైపు ఒక అంగుళం చొప్పున. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకొంటుంది. ఒకేవైపు అతికితే ఆ వైపుకే పట్టె వంకర తిరుగుతుంది. ప్రతి వరుసకూ పైన కట్టిన చిట్టెమును సుత్తితో రాల్చి, తీగ బ్రష్షుతో రుద్ది చూడవలె. చిట్టెం క్రింద చిన్న రంధ్రమున్నా మామూ దానిని గ్రైండరుతో తీసివేయించి మళ్ళీ అతికించేవాడు. “రంగు వేస్తే నీ కంటికి కనబడదు బేటా, దెబ్బకు కనబడుతుంది” అనేవాడు.

బోల్టుల తలల మీద 8.8 అనే అంకె ఉన్నవే కొన్నాము. మొదటి 8 అనగా చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల వరకు తెగదని. రెండవ 8 అనగా అందులో పదింట ఎనిమిది వంతుల వరకు శాశ్వతంగా సాగదని. ఛానల్ క్రింది అంచున నీరు, బురద నిలువకుండ రెండు రంధ్రాలు వేసి, రెడ్ ఆక్సైడు రెండు పూతలు, దానిపై నల్లరంగు వేశాము.

మొత్తం బరువు 16 కిలోలు తూగినది. కాని ముందు ఇరుసు మీద పడే భారం పదహారు కాదు, ఇరవై! బంపరు ఇరుసుకు అర మీటరు ముందు ఉన్నది. రెండు ఇరుసుల మధ్య దూరం రెండు మీటర్లు. తులాదండ సూత్రం ప్రకారం ముందు ఇరవై కిలోలు పెరిగి, వెనుక నాలుగు కిలోలు తగ్గుతుంది. ముందుకు పొడుచుకు వచ్చిన ప్రతి బరువూ తన కంటె ఎక్కువ భారం మోపుతుందని ఆనాడు బోధపడినది. మనుషుల ఆడంబరం విషయంలోనూ ఈ సూత్రం వర్తిస్తుందేమో!

ఆరు నెలల తరువాత పెద్దయ్య మళ్ళీ వచ్చాడు. చీకటిలో ఒక కల్వర్టు గోడకు తాకించాడట. బంపరు ఎడమ కొస లోపలికి వంగినది. మామూ బండి క్రిందికి దూరి, దారం పట్టి చాసిస్ కొలిచి, చేతులు తుడుచుకొంటూ బయటికి వచ్చాడు. “వంగవలసింది వంగింది, నిలవవలసింది నిలిచింది” అన్నాడు. ఆ ముఖంలోని తృప్తికి ఏ పట్టా సాటి రాదు.

పెద్దగార్డు చేసి ఉంటే వచ్చే సొమ్ములో మూడవ వంతు కూడ ఈ పనికి రాలేదు. ఆ సంవత్సరం నా పరీక్ష రుసుమును గడువు దాటిన తరువాత, అపరాధ రుసుముతో సహా మామూ కట్టాడు. అందుకొరకు పది రాత్రులు కిటికీ గ్రిల్లుల పని చేశాడు. వెల్డింగు వెలుగుకు అలసిన కళ్ళలో ఇసుక పోసినట్లు ఉండగా, ఉదయమే లేచి నన్ను కళాశాలకు పంపేవాడు. ఆ గీతను గురించి గాని, పోయిన సొమ్మును గురించి గాని ఆయన మళ్ళీ ఎన్నడూ ప్రస్తావించలేదు.

సోదర విద్యార్థులారా! రేపు మనలో కొందరు ఇంజనీర్లు, వైద్యులు, అధికారులు కావచ్చును. మన ముందుకు వచ్చి, అడిగినంత ఇస్తాను, నా కోరినట్లు చేయమనే వారు తప్పక ఉంటారు. కొనేవాడు బండి లోపల కూర్చొని చూస్తాడు. చేసేవాడు మాత్రం ఒకసారి బండి ముందు నిలబడి చూడవలె. అక్కడ నిలబడి చూడగలిగిన వాని చేతిపనినే లోకం నమ్ముతుంది. పదవ తరగతి కూడ దాటని మా మామూ నాకు చెప్పిన భౌతికశాస్త్రం ఇదే.