తీరుబడి ప్రయాణము

చీరాలనుండి చినగంజామువరకు సైకిలుమీద పోవుటకు తొందరలేనివానికి మూడు గంటలు పట్టును. తొందర గలవానికి అందులో సగము చాలును గాని, అట్టివాడు బస్సెక్కుటయే మేలు. ముప్పదియేండ్లకు పైగా మేమీ దారిని తొందరలేనివారివలెనే పోవుచున్నాము. మే మనగా ఈ పంక్తులు వ్రాయుచున్న మే మొక్కరమే. బహువచనము పత్రికామర్యాద. ఈ మర్యాద మాకు మిక్కిలి అనుకూలమైనదనియు, దానిచాటున ఎందరినో ఇంటనే విడిచి పోవచ్చుననియు చాలకాలమునకు గాని మాకు తోచలేదు.

మా ప్రాంతమునకు కొండసీమలవారెవరైన వచ్చినచో, "ఇక్కడ చూచుట కేమున్నదండీ?" అని యడుగుదురు. నిజమే. కొండలేదు, జలపాతము లేదు. ఎటుచూచినను ఆకాశము నేలకు దిగియుండును. నడుమ రెండు మూడు తాళ్ళు. ఇచ్చటి కొండ గాలియే. పుష్యమాసమున ఈశాన్యపుగాలి వీచునపుడు నైరృతిగా చినగంజామునకు పోవుచున్నంతసేపు మన కాళ్ళలో ఎంత బలమున్నదో యని మురిసిపోవుదుము. తిరుగుదారిలో ఆ బలము ఎవరిదో తెలియును.

తూర్పున ఇసుకదిబ్బలు, సరుగుడుతోపులు, వానికావల సముద్రము. పడమట ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి. ఈ రెంటినడుమ పల్లపునేల యొకటి ఉత్తరదక్షిణములుగా పారియున్నది. జమ్ము, తుంగ, వరిమళ్ళు, ఉప్పుకయ్యలు, మురుగుకాలువలు అన్నియు అందులోనివే. 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట ముగిసినపిదప ఆ నీరు పడమటిడెల్టాలోనికి వచ్చెను. ఆనకట్టస్థానమున 1957లో ప్రకాశముబ్యారేజి వచ్చినది. కొమ్మమూరుకాలువ ఆ నీటిని తెచ్చి పెదగంజామువరకు వచ్చి ఆగును. అచ్చటనుండి దక్షిణముగా బకింగుహాముకాలువ మొదలగును. 1876-78 నాటి కరవుకాలమున మద్రాసుకడ పనిలేని ప్రజలచే ఆ జలమార్గమున కొంతభాగము త్రవ్వించి, నాటి గవర్నరుపేరు దానికి పెట్టిరి. కాకినాడ యొడ్డున పడవయెక్కినవాడు కాలువలవెంట మద్రాసు దాటి మరకాణముదాక పోగలిగిన దినములుండెను. ఇప్పుడు పడవలు లేవు. అనేకచోట్ల గుర్రపుడెక్క నీటిని కప్పివేసినది. దానిపై కొంగ యొకటి భూస్వామివలె నిలుచుండును.

వచ్చిన నీరు పోవలెను గదా. పొలములలో మిగిలినదంతయు రొంపేరువంటి మురుగుకాలువలద్వారా సముద్రమునకు చేరవలెను. పేరులోనే రొంపియున్నది. ఆ గట్లమీదనే మా ప్రయాణము. మోటారుబండి చప్పుడునకు లేచిపోవు నీటికాకి సైకిలునకు లేవదు. బుడుబుంగ మాత్రము మమ్ము చూచి మునిగి, మేము దిగి నిలుచున్నంతసేపును మరియొకచోట తేలి చూచుచుండును. మే మేగంట చేరుదుమో యింట చెప్పుట లేదు. తీరుబడి యనగా ఇదియే యని స్నేహితులకు పలుమార్లు ఉపన్యసించితిమి.

ఆ తీరుబడి యెవరిచ్చిరో చెప్పుట మరచితిమి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలిపి, అరటాకులో కట్టి, సైకిలువెనుక బిగించి యిచ్చినది మా గృహిణి. 1988లో మాకు వివాహమైనది. ఆ యేటనే యొకనాడు ఆమె, "ఏమండీ, నాకును నేర్పుదురా?" అని యడిగెను. "నలుగురేమనుకుందురు?" అంటిమి. ఆమె మరల నడుగలేదు.

ఆ వారముననే ఊరిలో నొక సభలో మేము మాటలాడితిమి. 1921లో మునిసిపాలిటీపన్నును నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట చీరాల పేరాల ప్రజలు ఇండ్లు విడిచి రామనగరను పాకలలో పదునొకండు నెలలు కాపురముండిన కథ మా కభిమానవిషయము. పిల్లల నెత్తుకొని, కుండలు మోసికొని గడపదాటిన ఆ స్త్రీల ధైర్యమును వర్ణించునపుడు మా కంఠము గద్గదమయ్యెను. చప్పట్లు బాగుగనే పడినవి. మా గృహిణి వెనుకవరుసలో కూర్చుండి వినెను. ఇంటికి వచ్చినపిదప మంచినీళ్ళిచ్చినది గాని ఏమియు ననలేదు.

అమెరికాదేశమున సుసాన్ ఆంథొనీ, స్త్రీల విముక్తికి సైకిలు చేసినంత మేలు లోకమున మరేదియు చేయలేదని 1896లోనే చెప్పిన సంగతి మేమెరుగుదుము. 1990ల మొదట తమిళనాట పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోబాటు వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చికొన్న వార్తను పత్రికనుండి కత్తిరించి దాచుకొంటిమి. ఆ కాగితము ఇప్పటికిని మా బీరువాలో నున్నది. తెలియక చేసిన తప్పని చెప్పుకొనుటకు మాకు వీలు లేదు.

2017లో మా యింటనుండి ప్రభుత్వపాఠశాలలో తొమ్మిదవతరగతి చదువుచుండిన మా మేనగోడలి కుమార్తెకు సర్కారువారు సైకిలిచ్చిరి. ఆ పిల్ల మూడుదినములలో నేర్చికొని నాలవనాడు, "అమ్మమ్మా, నువ్వూ ఎక్కు, నేను పట్టుకుంటా" అనెను. మేము వరండాలో పత్రిక చదువుచుంటిమి. ఏబదిదాటిన మనిషి, చీర కుచ్చెళ్ళు దోపుకొని, దొడ్డిలో బావిచుట్టును తిరుగుట మొదలిడెను. రెండుమార్లు పడెను. మేము లేచితిమి. "మీరు కూర్చోండి" అనెను. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే కూర్చుండలేకపోతిమి, నిలుచుండనులేకపోతిమి.

ఆ మరుసటి జనవరిలో సంక్రాంతి వెళ్ళినపిదప మేమిద్దరము చినగంజామునకు బయలుదేరితిమి. పులిహోర ఆ దినమున కూడ ఆమెయే చేసెను. (ఇప్పుడు కొట్టులో ఇడ్లీపొట్లము కట్టించుచున్నాము. ఇంతకంటె గొప్ప సంస్కరణము మా చేత కాలేదు.) వేటపాలెమున సారస్వతనికేతనముకడ దిగితిమి. 1918లో పుట్టిన గ్రంథాలయ మది. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. పాతపత్రికల సంపుటములకొరకు మే మెన్నిమార్లు అచ్చటికి పోయితిమో లెక్కలేదు. ఆమె రాక అదియే మొదలు. బల్లకడ కూర్చుండి, ఎన్నడో పుట్టింట చదువుచు సగములో విడిచిన నవల యున్నదేమో యని అడిగెను. ఆ నవలపేరు మేము వినుట అప్పుడే.

వేటపాలెము దాటిన తరువాత ఆమె మాటిమాటికి దిగసాగెను. మేము పక్షికొరకు దిగుదుము, ఆమె మనుష్యులకొరకు దిగును. జీడిపిక్కలు ఒలిచి చేతులు నల్లబడిన స్త్రీలతో నొకచోట, చేపలగంప దింపుకొన్న ముసలమ్మతో నొకచోట మాటలాడెను. ఇసుకనేలలో నొక దొరువుకడ మరల దిగెను.

దొరువు మా తీరమునకు ప్రత్యేకమైన వస్తువు. ఇసుకలో వాలుగా త్రవ్విన గుంట. వాననీరు ఇసుకలోనికి దిగి, అడుగున నున్న ఉప్పునీటిపై తేలి నిలుచును. రెండు కడవలతో దిగి, ముంచి, పైకివచ్చి ఆకుకూరమళ్ళకు పోయవలెను. ఈ దొరువులను ముప్పదియేండ్లుగా దూరమునుండి చూచి, ఎంత అందమైన దృశ్యమో యని వ్రాసియుంటిమి. కడవలు మోయువారు తరచు స్త్రీలు గనుక నిలిచి మాటలాడుట మర్యాద కాదని మా అభిప్రాయము.

"నీళ్ళు తీపేనా అమ్మా?" అని మా గృహిణి యడిగెను.

"పైనుండేది తీపేనమ్మా, అడుగుంది ఉప్పు. తొందరపడి తోడితే ఉప్పు పైకొస్తది. కాసేపాగి ఊరనివ్వాల" అని ఆమె కడవ దింపెను. "ఆవల రొయ్యలచెరువులు తవ్వినకాణ్ణుంచి రెండు దొరువులు పాడయినయ్. ఇదొక్కటే మిగిలింది. దీనికీ వాసన మారతా ఉంది."

మేము తెల్లబోతిమి. తీరమున రొయ్యలచెరువులను గూర్చి 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినదని మేమెరుగుదుము; దానిపై నొక వ్యాసము కూడ వ్రాసితిమి. ఆ వ్యాసమున దొరువను మాట లేదు. మా యింటావిడ దోసిలితో నీరు పుచ్చుకొని రుచిచూచి, మావైపు చేయిచాపెను. మేమును త్రాగితిమి. తీయగనే యుండెను గాని, మ్రింగినపిదప నాలుకచివర నేదియో మిగిలెను.

చినగంజాముకడ ఉప్పు పండుటకింకను వేళ కాలేదు. కయ్యలలో బురదను కాళ్ళతో త్రొక్కి గట్టిపరచుచుండిరి. వరుసగా నిలిచి, ఒకరిభుజముపై నొకరు చేయివేసికొని త్రొక్కుచుండిరి. ఎండకు నీరు వెండివలె మెరయుచుండెనని మేము వ్రాయుదుము. ఆమె చూచినది వారి మడమలను. "పగుళ్ళల్లో ఉప్పు దిగితే రాత్రి నిద్దరెట్లా పడుతుందండీ?" అని యడిగెను. జవాబు మాయొద్ద లేదు. ఆమె సైకిలు గట్టునకానించి వారికడకే పోయెను.

తిరుగుదారిలో గాలి ఎదురైనది. ఆమె ముందు, మేము వెనుక. దొరువుకడకు వచ్చువేళకు మా వెనుకచక్రము మెత్తబడెను. ప్రొద్దున మాటలాడిన స్త్రీ పనిముగించి గట్టున కూర్చుండియుండెను. సైకిలువంక చూచుచు, "నేనెక్కితే పడతానా అమ్మా?" అనెను.

మా గృహిణి దిగి, సైకిలును ఆమెకిచ్చి, వెనుక సీటు గట్టిగా పట్టుకొనెను. మేము కూర్చుండి పంపుతో గాలికొట్టుచుంటిమి. ఆ యిసుకలో చక్రము రెండుమూరలు కదలి నిలిచిపోయెను. ఇరువురును నవ్విరి. మరల నెక్కెను.