పుంజుకూ ఓ వంశవృక్షం!

గోదావరి జిల్లాల్లో ఏ రోడ్డెక్కినా పది కిలోమీటర్లకో బోర్డు కనిపిస్తుంది... 'ఇచ్చట నాటుకోడి లభించును' అని. మారేడుమిల్లి ఘాట్ రోడ్డెక్కితే వెదురు బొంగుల్లో ఉడుకుతున్న చికెన్ వాసన దారి ఆపేస్తుంది. అంతా నాటే, అంతా మన వారసత్వ రుచే అంటారు. ఇంతకీ ఏది నాటు? ఏ కోడిని 'వారసత్వ జాతి' అనాలి? రంగురంగుల ఈకలుంటే చాలా? పెరట్లో తిరిగితే సరిపోతుందా?

ఈ ప్రశ్నకు అమెరికాలో పశుజాతుల పరిరక్షణ సంస్థ ఒకటి 2009లో సూటిగా జవాబు చెప్పింది. అక్కడ వారసత్వ కోడి అనిపించుకోవాలంటే నాలుగు పరీక్షలు నెగ్గాలి. ఒకటి, ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికే గుర్తింపు పొందిన జాతి అయివుండాలి. రెండు, పుంజూ పెట్టా సహజంగా జతకట్టాలి. మూడు, ఆరుబయట ఎక్కువకాలం బతకాలి. పెట్ట అయిదు నుంచి ఏడేళ్లు, పుంజు మూడు నుంచి అయిదేళ్లు ఉపయోగపడాలి. నాలుగు, నిదానంగా పెరగాలి. పదహారు వారాల లోపు కోతకు రాకూడదు. ఆరేడు వారాల్లోనే రెండు కిలోలు తూగే బ్రాయిలర్‌కు ఇక్కడ తలుపు మూసుకున్నట్టే!

మన దేశంలో ఆ లెక్క చూసేది హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యువనరుల సంస్థ. స్థానిక జాతులను గుర్తించి నమోదు చేస్తుంది. మధ్యప్రదేశ్ ఝాబువా నల్లకోడి కడక్‌నాథ్ ఆ జాబితాలో ఉంది. దాని మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అదే జాబితాలో ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాలను పుట్టిల్లుగా చెప్పుకునే మన కోడి ఒకటుంది... అదే అసీల్!

అసలైనది, మేలిజాతిది అన్న అర్థంలోనే దానికా పేరు. చూపులోనే ఆ తేడా తెలుస్తుంది. నిటారుగా నిలబడే ఒళ్లు, పొడవాటి మెడ, గట్టి పిక్కలు, ఒంటికి అతుక్కున్నట్టుండే ఈకలు. తల మీద తురాయి చిన్నగా నొక్కేసినట్టుంటుంది. గొంతు కింద వేలాడే తోలు దాదాపు కనిపించదు. పుంజు మూడు, నాలుగు కిలోలు తూగుతుంది. గుడ్ల విషయంలో మాత్రం మహా పిసినారి. ఏడాదికి వంద కూడా పెట్టదు. కానీ పెట్టినవాటిని పొదిగి, పిల్లల్ని రెక్కల కింద దాచుకుని, గద్ద మీద కలబడి మరీ పెంచుతుంది.

ఈ జాతిని ఇన్నేళ్లు కాపాడిందెవరు? భీమవరం వైపు అడిగితే జవాబు బరిలోంచి వస్తుంది. డేగ, కాకి, నెమలి, సవల, పర్ల, కౌజు... రంగును బట్టి పుంజుకో పేరు. ఏ రోజున ఏ రంగు గెలుస్తుందో చెప్పడానికి ఏకంగా కుక్కుట శాస్త్రమే ఉంది. పల్నాటి యుద్ధానికి కోడిపందెమే నిప్పు రాజేసిందని కథ. మంచి పుంజు ఏ పెట్టకు పుట్టిందో, దాని తాత ఏ బరిలో గెలిచిందో పెంపకందార్లు ఇట్టే చెప్పేస్తారు. వంశం చెడకుండా చూసుకోవడంలో వాళ్లది అంత పట్టింపు.

అయితే ఆ పట్టింపు వెనక కత్తి కూడా ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి జూద నిరోధక చట్టం పందేన్ని నేరమంటున్నాయి. పందేలు ఆపాలని 2016లో హైకోర్టు ఆదేశించింది. అయినా సంక్రాంతికి బరులు వెలుస్తూనే ఉన్నాయి. పైగా బరి కోరేది గెలుపునే, జాతిని కాదు. విదేశీ పందెం కోడితో కలిపితే వేగం వస్తుందని తెలిస్తే చాలు, పెరూ పుంజుల్ని తెచ్చి జత కలుపుతున్నారు. నిన్నటిదాకా వంశాన్ని కాచిన చెయ్యే ఇప్పుడు దాన్ని కలిపేస్తోందన్నమాట!

రాజమహేంద్రవరం నుంచి సుమారు 85 కిలోమీటర్లు ఎగువకు, మారేడుమిల్లి వైపు వెళ్తే ఇదే కోడి మరో రూపంలో కనిపిస్తుంది. ఈ కొండల్లో పందెం లేదని కాదు. కానీ కోడంటే ముందుగా ఆడవాళ్ల ఆస్తి. పండక్కి అదే, చుట్టానికి అదే, చేతిలో డబ్బు లేనప్పుడు సంతకు వెళ్లేదీ అదే. లోకంలోని పెంపుడు కోళ్లన్నిటికీ మూలమైన ఎర్ర అడవికోడి తూర్పు కనుమల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

మహిళా పశువైద్యులు నడిపిన 'ఆంత్ర' సంస్థ 1990వ దశకంలో తూర్పుగోదావరి మన్యంలో ఈ కోడి వెంట తిరిగింది. ఏటా కొక్కెర తెగులు వచ్చి ఊళ్లకు ఊళ్ల కోళ్లను ఊడ్చేస్తోందనీ, కొరత జాతిలో కాదు, వేళకు అందని టీకాలో ఉందనీ తేలింది. అక్కడి పాత పద్ధతి 'వాటా'నూ మళ్లీ పైకి తెచ్చారు. కోళ్లు లేని ఇంటికి ఒక పెట్టను పెంపకానికిస్తారు. అది పొదిగిన పిల్లల్ని ఇచ్చినవాళ్లూ పెంచినవాళ్లూ పంచుకుంటారు. అప్పు లేదు, వడ్డీ లేదు. జాతి మాత్రం ఊరంతా పాకుతుంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ కూడా అసీల్‌ను కాపాడుతోంది. పెరటి పెంపకం కోసం అక్కడ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు గుడ్లు ఎక్కువ పెడతాయి, చకచకా పెరుగుతాయి. పేదింటికి మేలు చేసేవే. కాకపోతే అవి పొదగవు. మళ్లీ పిల్లలు కావాలంటే హేచరీకి వెళ్లాల్సిందే. చూపుకి నాటుగా ఉన్నా వాటిది వారసత్వం కాదు.

విచిత్రమేమిటంటే, మనం చిన్నచూపు చూసే బ్రాయిలర్‌లోనూ అసీల్ రక్తముంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో అసీల్‌ను అక్కడి కోళ్లతో కలిపి కార్నిష్ జాతిని తయారుచేశారు. నేటి మాంసపు కోళ్ల వెడల్పాటి రొమ్ము ఆ కార్నిష్ వైపు నుంచి వచ్చిందే. రేపు ఏ కొత్త తెగులో వస్తే తట్టుకునే గుణం కోసం ఇలాంటి పాత జాతుల వైపే చూడాలి. అప్పటికి అవి మిగిలి ఉండాలి కదా!

ఈసారి బోర్డు చూసి బండి ఆపినప్పుడు ధర తర్వాత అడగండి. పిల్లల్ని ఎక్కణ్నుంచి తెచ్చారు? పెట్ట పొదిగినవా, హేచరీవా? ఎన్ని నెలల కోడి? రెండు నెలల్లో బరువొచ్చిందంటే నాటు ధర ఇవ్వక్కర్లేదు. 'మా పెట్ట పొదిగినవే, ఏడెనిమిది నెలలవి' అన్నవాళ్ల దగ్గర మాత్రం బేరమాడకండి. వాళ్లు పెంచినన్నాళ్లే ఆ జాతి ఉంటుంది.