గేరు పడని బండితో విరుదునగరు దాకా

కోవిల్‌పట్టి నుంచి విరుదునగరుకు బండి మీద పోతే సుమారు 50 కిలోమీటర్లు ఉంటుంది. సగం దారిలో సాత్తూరు, దాన్ని ఒరుసుకొని వైప్పారు ఏరు. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి, అరవంలో కరిసల్ అంటారు. మన పెద్దలు తెలుగు మాటతో వచ్చి నిలిచింది ఈ మట్టి మీదే. ఆ వలస కథను అరవంలో నవలగా రాసి, దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్న కి. రాజనారాయణన్ సొంత ఊరు ఇడైసెవల్ కోవిల్‌పట్టి పక్కనే. ఈ మట్టిలో పత్తి పండింది కాబట్టి మిల్లులు వచ్చినాయి. మిల్లులు ఉన్నాయి కాబట్టి తెల్లవారకముందే ఈ పక్క రోడ్ల మీద మోటారు సైకిళ్ళు పోతుంటాయి.

పోయిన నెల ఒక ఆదివారం నేనూ మా బావా ఈ దారిన పోయినాము. ఊరు చూసేదానికి కాదు, ఆయన బండి గేరు సంగతి తేల్చుకొనేదానికి. బావకు పొద్దున ఆరు గంటల షిఫ్టు. ఆయన ఉండే పల్లె నుంచి ఆ వేళకు బస్సు లేదు. బండి నిలిస్తే కూలి నిలుస్తుంది. దగ్గర్లోని షెడ్డులో చూపిస్తే, "గేరుబాక్సు పోయింది, ఇంజను విప్పాల, నాలుగు రోజులు విడిచిపెట్టు, ఎనిమిది వేలు దాకా అవుతుంది" అన్నారట. ఎనిమిది వేలు, దాని పైన నాలుగు రోజుల కూలి. ఆ నెల చీటీ కూడా కట్టాల. అక్క రెండు రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

బయలుదేరే ముందు ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేసినాము. ఇది ఎవరైనా చెయ్యొచ్చు. ఇంజను ఆపి, బండిని కొంచెం ముందుకీ వెనక్కీ ఊపుతూ, ఒక్కొక్క గేరూ వేసి చూడాల. అన్నీ సులువుగా పడినాయి. ఇంజను స్టార్టు చేస్తే మాత్రం మొదటి గేరు "ఠక్" మని కొట్టుకుంటుంది, క్లచ్ పూర్తిగా పట్టుకున్నా బండి ముందుకు పాకుతుంది, న్యూట్రల్ దొరకదు. ఇంజను ఆపినప్పుడు కూడా గేరు పడకుంటే తప్పు పెడల్‌లోనో లోపలనో ఉండొచ్చు. ఇంజను తిరిగేటప్పుడు మాత్రమే పడకుంటే ముందు అనుమానించాల్సింది క్లచ్‌ని.

మిల్లులో పనిచేసే వాళ్ళకు ఇది చెప్పడం తేలిక. రింగు ఫ్రేము గేరు పక్క పళ్ళచక్రం మార్చేటప్పుడు మిషను తిరుగుతుంటే ఎవరూ చెయ్యి పెట్టరు కదా. బండిలో ఇంజను తిరుగుతుండగానే గేరు మార్చాల. అందుకే ఆ ఒక్క క్షణం ఇంజనునూ గేర్లనూ విడదీసేది క్లచ్. క్లచ్ పలకలు పూర్తిగా విడిపోకుంటే, తిరిగే మిషనులో చెయ్యి పెట్టినట్టే.

సాత్తూరు దాకా రోడ్డు నేరుగా ఉంటుంది, గేరు మార్చే పని తక్కువ. ఊరిలోకి దిగినాకే కష్టం. బజారులో ఆగి ఆగి పోవాల, వెనక లారీ హారను, బావకు న్యూట్రల్ పడదు. చేతులు నొప్పి. "బావా, పూర్తిగా ఆగినాక వెతకొద్దు, చక్రం ఇంకా కొంచెం దొర్లేటప్పుడే రెండో గేరు నుంచి మెల్లగా తట్టు" అన్నాను. రెండోసారికి పడింది. ఇది మందు కాదు, దారిలో గడిచేదానికి ఉపాయం.

టీ కొట్టు పక్కన నిలిపి సాత్తూరు కారసేవు తింటూ క్లచ్ లివరు చూసినాము. లివరు కొసలో 10 నుంచి 20 మిల్లీమీటర్లు, అంటే వేలి మందం, వదులు ఉండాల. తర్వాతే కేబులు లాగాల. బావ బండిలో రెండు వేళ్ళకు పైగా ఉండాది. వదులు ఎక్కువైతే పలకలు విడవవు, గేరు కొట్టుకుంటుంది. అసలు వదులే లేకుంటే పలకలు జారి కాలిపోతాయి, ఇంజను అరుస్తుంది గాని బండి పోదు. హ్యాండిలు దగ్గరి మరను బయటికి తిప్పితే వదులు తగ్గింది. అయితే మర చివరికి వచ్చేసింది. అంటే కేబులు సాగి ఉండాల, లేదా తెగుతూ ఉండాల.

విరుదునగరు కామరాజు పుట్టిన ఊరు, నూనె, మిరపకాయల వ్యాపారానికి పేరు. అక్కడ మాకు తెలిసిన ఒక పెద్ద మెకానిక్కు ఉన్నాడు. ఆయన ముందు పానా తియ్యలేదు. లివరు నుంచి కేబులు కొసను ఊడదీసి చూపించినాడు. లోపలి తీగల్లో సగానికి పైగా తెగి ఉన్నాయి. కొత్త కేబులు రెండు వందల లోపే. అది వేసి, ఇంజను పక్కనున్న రెండు నట్లతో వదులు సరిచేసి, హ్యాండిలును రెండు పక్కలా పూర్తిగా తిప్పి కేబులు ఎక్కడా లాగడం లేదని చూసినాడు. తర్వాత గేరు పెడల్ బోల్టు. అది వదులై పెడల్ కొంచెం కిందికి జారి ఉండాది. చెప్పులు వేసుకొని తొక్కే కాలుకు అందక గేరు సగమే పడేది. ఎత్తు సరిచేసి బిగించినాడు. చెయిను వదులు చూసినాడు. నూనె మార్చినాడు. "కారు నూనె మిగిలిందని బండిలో పోయొద్దు, దాంట్లో కలిపే మందుతో క్లచ్ జారుతుంది, డబ్బా మీద జాసో ఎమ్ఏ అని చూసి కొనండి" అన్నాడు.

మధ్యాహ్నం నూనె పరోటా తిని తిరుగు ప్రయాణం. న్యూట్రల్ పడింది, మొదటి గేరు చప్పుడు లేకుండా పడింది. అయితే సాత్తూరు దాటినాక రెండో గేరులో యాక్సిలేటరు గట్టిగా తిప్పితే ఒకసారి గేరు దానంతటదే ఊడింది. పెడల్ సరిగ్గా పడినా గేరు ఊడితే, అది లోపల పళ్ళు అరిగిన గుర్తు. మెకానిక్కుకు ఫోను చేస్తే అదే చెప్పినాడు. ఇది విప్పాల్సిందే.

"అయితే ఎనిమిది వేలు తప్పదా?" అన్నాడు బావ.

తప్పదు. అయితే ఈ వారమే కాదు. రెండో గేరులో మెల్లగా పోతూ, లారీల మధ్య దాంట్లో వేగం పెంచకుండా, దీపావళి బోనసు దాకా జాగ్రత్తగా నడిపి, సెలవుల్లో విప్పుదాం అనుకున్నాము. అదే ఊడడం ఎక్కువైతే ఆగకుండా విప్పించాల, రోడ్డు మీద ప్రాణం కంటే కూలి పెద్దది కాదు.

మీ ఇంట్లో బండి గేరు మొరాయిస్తే ఈ వరస గుర్తుపెట్టుకోండి: ఇంజను ఆపి గేర్లు, క్లచ్ వదులు, కేబులు కొస, పెడల్ బోల్టు, చెయిను, నూనె. ఇవన్నీ బయటివే. వీటిని చూసినాకే ఇంజను మాట. షెడ్డులో "విప్పాల" అంటే, "కేబులు చూసినారా అన్నా?" అని మర్యాదగా అడగండి. మంచి మెకానిక్కు ఆ ప్రశ్నకు కోపగించుకోడు.