హజ్ రఖమ్, ఇంటి కప్పు



హజ్ కోసం దాచిన డబ్బు తీసి ఇంటి కప్పు మీద పెట్టామని తెలిసినప్పటి నుంచి ఊరి నుంచి ఫోన్లు ఆగడం లేదు. "అమ్మీకి 74 ఏళ్ళు. మకాన్ వచ్చే ఏడాదైనా బాగుచేసుకోవచ్చు, హజ్ మాటేంట్రా?" అని మా ఖాలా. "డాబా వేసుకుంటే నలభై ఏళ్ళు దానివైపు చూడక్కర్లేదు. ఇంటి కప్పు కాలిపోవడమేంటి, అదీ అమెరికాలో!" అని మామూ. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. శాక్రమెంటోకి తూర్పున, ఫాల్సమ్ దాటి సియెర్రా కొండల వైపు ఇళ్ళు కొన్న, కొనబోతున్న మనవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ముందు మామూ సవాల్. ఇక్కడ ఇళ్ళు చాలావరకు కర్రతో కట్టినవి. గోడల లోపల కర్ర, అటకలో కర్ర, కప్పు కింద పరిచేది చెక్క. మా ఇల్లు పాతది కాబట్టి పైన కప్పింది కూడా చెక్కే. సెడార్ కలప చీల్చి చేసిన పలకలు, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి. కొన్నప్పుడు అదే అందంగా ఉందనుకున్నాం. వానలో తడిస్తే మంచి వాసన కూడా వచ్చేది. ఇక్కడ మే నెల నుంచి అక్టోబరు దాకా వాన చుక్క పడడం అరుదు. అన్నాళ్ళు ఎండలో ఎండిన సెడార్ పలక ఎలా ఉంటుందో పొయ్యి ఊదినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1991 అక్టోబరులో ఓక్లాండ్ కొండల్లో మంటలు లేచి 25 మంది పోయారు. దాదాపు 3 వేల ఇళ్ళు బూడిదయ్యాయి. ఆ మంట అంత త్వరగా పాకడానికి చెప్పిన కారణాల్లో ఈ చెక్క కప్పులు ఒకటి.

మేం బీమా తీసుకున్న కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కప్పు మార్చండి, లేకపోతే వచ్చే ఏడాది పాలసీ ఉండదు అని. బీమా జాయిజా నాజాయిజా అనే బహస్ ఇక్కడ పెట్టను, దాని మీద ఉలమాలు చాలా రాశారు. ఇల్లు ఇంకా తీర్చాల్సిన బాకీలో ఉన్నవాడికి ఇక్కడ బీమా లేకుండా గడవదు. అంతవరకే.

ఉత్తరం కంటే ముందే భయం పట్టించింది వేరే సంగతి. 2025 జనవరిలో దక్షిణాన ఆల్టడీనాలో ఈటన్ మంటలకి 9 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. వాటిలో మస్జిద్ అల్ తఖ్వా ఒకటి. ఆ ఫోటోలు మా బేగం ఫోన్‌లో అమ్మీ చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "మంట అంత దూరం నుంచి ఎట్లా వచ్చింది బేటా? నడిచి వచ్చిందా?"

ఇక్కడివాళ్ళలో చాలామందికి తట్టని సవాల్ అది. అడవి మంట అనగానే కొండంత ఎత్తు జ్వాల ఇంటిని మింగేస్తుందని అందరూ అనుకుంటారు. చాలా ఇళ్ళు అంటుకునేది అట్లా కాదు. గాలికి చింగారీలు లేస్తాయి, అంటే నిప్పురవ్వలు, కాలుతున్న బెరడు ముక్కలు. అవి మంటకంటే మైలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ముందుకెళ్ళి పడతాయి. కప్పు మీద ఎండుటాకులు ఉన్న చోట పడ్డాయా, ఇక అంతే. అడవి ఇంకా దూరంగానే ఉంటుంది, ఇల్లు మాత్రం రగులుతూ ఉంటుంది.

అమ్మీకి ఇది కొత్త పాఠం కాదు. నరసరావుపేట దగ్గర మా నానీవాళ్ళ ఊళ్ళో ఆమె తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మే నెల వడగాలిలో ఎవరి పొయ్యిలోంచో రవ్వ లేచి తాటాకు కప్పు అంటుకుంది. అక్కడి నుంచి గాలి ఎటు వీస్తే అటు. నడుమ రెండు ఇళ్ళు వదిలేసి మూడో ఇంటి మీద పడేదట నిప్పు. మగాళ్ళు మంట మీద నీళ్ళు పోయడం మానేసి, ఇంకా అంటుకోని ఇళ్ళ కప్పులెక్కి తాటాకు పీకి కింద పారేశారట. తడిపిన గోనెసంచులు చూరు మీద పరిచారట. నానా కప్పు ఒక్కటి దక్కింది. అది గూన పెంకు. "పెంకు కాలదు. పెంకు కింద పిచ్చుక గూడు కాలుతుంది. మీ నానా ఆ గూళ్ళన్నీ చేత్తో లాగేశారు" అంది అమ్మీ.

ఈ మాట నేను కప్పు వేసే మనిషికి చెప్తే ఆయన ఆశ్చర్యపోయాడు. కాలిఫోర్నియాలో స్పానిష్ కాలం నుంచి ఉన్న ఎర్ర పెంకు అచ్చం మన గూన పెంకే. పెంకు తనంతట తాను అంటుకోదు. కానీ చూరు దగ్గర దాని నోళ్ళు తెరిచి ఉంటాయి. పిట్టలు, ఎలకలు లోపల గడ్డి చేరుస్తాయి. చింగారీ ఆ నోట్లోంచి దూరి లోపలి కర్రని పట్టుకుంటుంది. అందుకని ఆ నోళ్ళకి సిమెంటుతోనో రేకుతోనో బిరడాలు పెడతారు. ఇక్కడివాళ్ళు వాటికి పెట్టుకున్న పేరు కూడా బర్డ్ స్టాప్. నానా చేత్తో చేసిన పనికి ఇక్కడ కేటలాగులో ఒక నంబరుంది.

ఇక కప్పుకి 'క్లాస్ ఎ' అనే ముద్ర ఎట్లా వస్తుందో చెప్తా, ఎందుకంటే ఏ దుకాణం కెళ్ళినా మొదట చూడాల్సింది అదే. పరీక్షలో కప్పు ముక్క ఒకటి ఏటవాలుగా బిగించి, గంటకి 12 మైళ్ళ గాలి పెట్టి, దాని మీద అడుగు పొడవు అడుగు వెడల్పు ఉన్న కాలే కర్రల కట్టని పెడతారు. బరువు సుమారు 2 కిలోలు. అది పూర్తిగా కాలిపోయేదాకా కప్పు కిందికి మంట దిగకూడదు. క్లాస్ బి కైతే అరకిలో కట్ట. క్లాస్ సి కైతే 10 గ్రాములైనా లేని చిన్న ముక్క. ఏ, బీ, సీ అంటే బళ్ళో ఫస్టు, సెకండు, థర్డు లాగా వినిపిస్తుంది గానీ ఫర్ఖ్ ఇంత ఉంది. మందు పట్టించిన సెడార్ పలకలు కూడా దొరుకుతాయి, మామూలుగా క్లాస్ బి. కింద ప్రత్యేకమైన పొర పరిస్తేనే ఎ వస్తుంది. కొన్ని రేకులూ అంతే, అల్యూమినియం వంటివి తమంతట తాము ఎ కావు, కింది పొరతో కలిపితేనే. కాబట్టి "ఇది క్లాస్ ఎ నా?" అని ఒక్క సవాల్ చాలదు. "కింద ఏం పరుస్తారు?" అని రెండోది కూడా అడగాలి. పాత చెక్క మీదే ఏదో రంగు పూసేస్తాం, చవకలో అయిపోతుంది అన్నవాడు ఒకడు వచ్చాడు. వాడికి చాయ్ ఇచ్చి పంపించాం.

మాకు మూడు రకాల ధరలు చెప్పారు. పెంకుకి 46 వేల డాలర్లు. అది చదరపు అడుగుకి 9, 10 పౌండ్ల బరువు తూగుతుంది, మా వాసాలకి బలం కట్టాలి. ఉక్కు రేకుకి 37 వేలు. ఫైబర్‌గ్లాస్ మీద తారు, రాతి నూక పట్టించిన షింగిల్స్‌కి 19 వేలు. అదీ క్లాస్ ఎ నే. నా మనసు పెంకు మీదే ఉండింది, దాచడమెందుకు. నానా ఇల్లు కళ్ళ ముందు కదిలింది. కానీ ఆ 46 వేలు పెడితే హజ్ రఖమ్ మొత్తం పోయి పైన ఖర్జ్ మిగిలేది. 19 వేలైతే సగానికి పైగా పోయి కొంత మిగులుతుంది.

అయినా మనసు ఒప్పుకోలేదు. అల్లాహ్ ఇంటికి వెళ్ళాల్సిన పైసలు నా ఇంటికా? మా మసీదు మౌలానాతో మష్వరా చేశాను. ఆయన అడిగింది ఒక్కటే: "కప్పు మార్చకపోతే ఆ ఇంట్లో నీ పిల్లలు భద్రంగా ఉంటారా?" ఉండరన్నాను. ఉండే ఇల్లు, దాని హిఫాజత్ మనిషి అసలు అవసరాల్లోకి వస్తాయి, హజ్ ఫర్జ్ అయ్యేది వాటి తర్వాత మిగిలిన దానితో అన్నారాయన. ఒంటెని కట్టాకే తవక్కుల్ అనే హదీస్ గుర్తుచేశారు. ఇంటికొచ్చి అమ్మీకి చెప్పాను. అమ్మీ ఏడవలేదు, నవ్వలేదు. తస్బీ పక్కన పెట్టి, "పని ఎప్పుడు మొదలుపెడతారు?" అంది. మా ఖాలాకి నేను చెప్పగల జవాబు ఇంతే.

కప్పు పడింది, అల్హందులిల్లాహ్. అసలు పని అక్కడి నుంచే మొదలైంది, ఈ సంగతి ఏ సేల్స్‌మనూ చెప్పడు. పరీక్షలో కప్పు శుభ్రంగా ఉంటుంది. మన కప్పు మీద పైన్ సూదులు, ఓక్ ఆకులు పడుతూనే ఉంటాయి. రెండు వాలులు కలిసే చోట, చిమ్నీ వెనక, కప్పు పైగోడని తాకే చోట అవి మెత్తగా పరుపులా పేరుకుంటాయి. రవ్వకి అదే పడక. గట్టర్ మరీ ప్రమాదం. ప్లాస్టిక్‌దైతే కరిగి కింద పడుతుంది. రేకుదైతే కరగదు గానీ అందులోని చెత్త కప్పు అంచుకి ఆనుకుని కాలుతుంది. అందుకని అంచు చెక్క కనపడకుండా మెటల్ పట్టీ వేయించాం, గట్టర్ మీద జాలీ బిగించాం. జాలీ ఉన్నా చూసుకోవాలి, సూదులు దాని మీదే నిలుస్తాయి.

అటకకి గాలి పోయే కన్నాలున్నాయి చూడండి, వాటికి ఇదివరకు పావు అంగుళం జాలీ ఉండేది. ఎలక రాదు గానీ రవ్వ వస్తుంది. ఇప్పుడు అంగుళంలో ఎనిమిదో వంతు లేదా అంతకంటే సన్నది కావాలి. ఈ పని నేనే చేశా, రెండు శనివారాలు పట్టింది, వంద డాలర్లు దాటలేదు. 19 వేల కప్పుకింద వంద డాలర్ల జాలీ మర్చిపోయినవాళ్ళని నాకు తెలుసు.

గోడ నుంచి 5 అడుగుల దాకా కాలేది ఏదీ ఉండకూడదంటారు. మా బేగం మొగ్రా కుండీలు అక్కడే ఉండేవి. అవి జరపడానికి జరిగిన గొడవ రాస్తే ఇంకో పోస్టు అవుతుంది. ఇలాంటి పనులు చేసినవాళ్ళకి ప్రీమియంలో కొంత రియాయత్ ఇవ్వాలని 2022లో కాలిఫోర్నియా బీమా శాఖ నియమం తెచ్చింది. ఫోటోలు, రసీదులు జాగ్రత్త చేసి అడగండి. అడగనిదే ఎవరూ ఇవ్వరు.

ఇంతా చేశాక మిగిలింది పడోసీ. 2018 నవంబరు 8న పారడైజ్ ఊరు కాలినప్పుడు 85 మంది పోయారు, 18 వేలకు పైగా కట్టడాలు నేలమట్టమయ్యాయి. ఏ ఇల్లు మిగిలింది, ఏది కాలింది అని తర్వాత లెక్క చూసినవాళ్ళకి పక్కిల్లు ఎంత దగ్గరలో కాలిందన్నది పెద్ద విషయంగా తేలింది. మా కంచెకి అవతల జూనిపర్ పొద ఉంది, నూనె నిండిన చెట్టు, పచ్చిగా ఉన్నా భగ్గుమంటుంది. పొద ఆయనది. అది అంటుకుంటే మా గోడ పోతుంది, మా ఇల్లు అంటుకుంటే ఆయన కప్పు పోతుంది. హమ్‌సాయా హఖ్ అంటే ఈద్‌కి షీర్ ఖుర్మా పంపడమే అనుకుంటాం, ఇది కూడా అందులోదే. అమ్మీ ఖుర్మా గిన్నెతో పాటే నన్ను కూడా పంపింది.

ఆయన ఒంటరి పెద్దమనిషి. నా మాటంతా విన్నారు. ఆ పొద తన భార్య నాటిందని, ఆమె పోయి ఆరేళ్ళయిందని చెప్పారు. నేనిక ఏమీ అనలేకపోయాను. వారం తర్వాత ఆయనే వచ్చి, కంచె వైపు కొమ్మలు కొట్టుకోమన్నారు, కింద ఎండిన కొమ్మలన్నీ తీసేద్దామన్నారు. మొదలు మాత్రం ముట్టుకోవద్దన్నారు. సరేనన్నాం. కొట్టిన కొమ్మలు రెండు బండ్లయ్యాయి.

ఆయన గట్టర్లు నిండి ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులతో ఎక్కలేరు. అక్టోబరు ఉత్తరపు గాలి మొదలవకముందే రెండు ఇళ్ళవీ తీసేయాలి. ఈ శనివారం ఫజర్ అయ్యాక వెళ్తున్నాను. మా నిచ్చెన పొట్టిది. ఆయన దగ్గర పొడుగుది ఉందట, ఇస్తానన్నారు.