పసుపు వజ్రం, పసిడి గూడు

మహీధర్‌పురాలో వజ్రాల బేరం నడివీధిలోనే జరుగుతుంది. సూరత్ పాతబస్తీలోని ఆ ఇరుకు సందుల్లో ఆపి ఉంచిన స్కూటర్ సీటే బల్ల, పైనుంచి పడే ఎండే దీపం. ఒకరు చొక్కాజేబులోంచి మడత కాగితం తీసి విప్పుతారు. ఎదుటివాడు కంటికి లూప్ అనే చిన్న భూతద్దం ఆనించుకుని చూసి తల అడ్డంగా ఊపుతాడు. మళ్ళీ మడత, మళ్ళీ జేబు. ఆ పొట్లాన్ని అక్కడ పడికీ అంటారు. 2023 డిసెంబర్‌లో ఊరి అంచున ఖజోద్ దగ్గర సూరత్ డైమండ్ బోర్స్ అనే మహాభవనం తెరుచుకున్నా, ఈ వీధి తన పద్ధతిలో తాను సాగుతూనే ఉంది. ప్రపంచంలో సానపట్టే పది వజ్రాల్లో సుమారు తొమ్మిది మన దేశంలోనే తయారవుతాయని, అందులో సింహభాగం ఈ ఊరిదేనని చదివి వచ్చినవాణ్ణే. అయినా కళ్ళారా చూస్తే కలిగే విస్మయం వేరు.

మేం వచ్చింది మా మేనకోడలి నిశ్చితార్థపు ఉంగరం కోసం. పిల్ల దంతవైద్యురాలు. తెల్ల వజ్రం వద్దు, రంగు వజ్రం కావాలంది. కాబోయే అల్లుడు సరేనన్నాడు. మా అక్క మాత్రం బయల్దేరే ముందు నన్ను పక్కకి పిలిచి, "పసుపు రాయి పెడితే జనం కనకపుష్యరాగం అనుకుంటారు కదరా, అంత డబ్బు పోసీ" అంది.

నాకు ఈ ప్రయాణం మీద వేరే మక్కువ ఉంది. మాది పల్నాడు. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు మన దేశం నుంచి తీసుకెళ్ళి పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రం కృష్ణ ఒడ్డున మా కొల్లూరు గనుల్లోదేనని చరిత్రకారులు చెబుతారు. దాన్ని మళ్ళీ మళ్ళీ చెక్కగా మిగిలిందే హోప్ డైమండ్. 45.52 క్యారెట్ల ఆ రాయి ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కొల్లూరేమో పులిచింతల రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. రంగు వజ్రం అంటే మా వైపు వాళ్ళం పరాయి సంగతిలా చెవులు రిక్కించాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది.

మాకు దారి చూపించింది సూరత్‌లోనే పుట్టి పెరిగిన ఒక మిత్రుడు. వాళ్ళ నాన్న సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చాడు. అలా వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ఊళ్ళో వేలకు వేలు. తండ్రి మగ్గం మీద పనిచేస్తే కొడుకు వజ్రాలు ఏరే బల్ల ముందు కూర్చున్నాడు. అతను మమ్మల్ని ఒక పాత భవనం పై అంతస్తులో, ఉత్తరం కిటికీ ఉన్న గదిలోకి తీసుకెళ్ళాడు. రంగు రాళ్ళు చూసేవాళ్ళకి ఆ కిటికీ ముఖ్యం. నేరుగా ఎండ పడదు, నీడ మారదు.

అల్లుడి చూపు మొదట గులాబీ రాయి మీద పడింది. చాలా చిన్నది. ధర చెప్పగానే అతను ఏమీ అనకుండా పట్టకారుతో దాన్ని కాగితం మీదికి జాగ్రత్తగా దించేశాడు. గులాబీ వజ్రాల్లో రంగు పదార్థం ఏదీ కలవదు. భూగర్భంలో పడ్డ ఒత్తిడికి స్ఫటికంలోని పరమాణువుల వరసలు పక్కకి జరిగితే ఆ రంగు వస్తుంది. ప్రపంచానికి అందిన గులాబీ వజ్రాల్లో 90 శాతానికి పైగా ఇచ్చిన ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని 2020 నవంబర్‌లో మూతపడింది. అసలే అరుదైన రాయి, ఆపైన గనీ లేదు. నిజాం నగల్లో ఒకప్పుడున్న ప్రిన్సీ అనే 34.65 క్యారెట్ల గులాబీ వజ్రం 2013లో న్యూయార్క్ వేలంలో 3 కోట్ల 93 లక్షల డాలర్లకు పోయింది. మామూలు ఇంట్లో నిశ్చితార్థానికి పసుపు రాయిని చూడటంలో వివేకం ఉందని నాకు అక్కడే అనిపించింది. సహజమైన రంగు వజ్రాల్లో మనలాంటి వాళ్ళకి కాస్తయినా అందేది అదే.

ఆకుపచ్చ రాయి ఒకటి చూపించాడు. భూమిలో రేడియోధార్మిక ఖనిజాల పక్కన కోట్ల ఏళ్ళు పడి ఉంటే వచ్చే రంగు అది. చాలా రాళ్ళలో పైపొరకే పరిమితం. సాన మీద పొర ఎక్కువ పోతే రంగూ పోతుంది. అందుకే నడుము అంచున కాస్త ముడి చర్మాన్ని కావాలనే వదిలేస్తారు. లూప్‌లో ఆ గరుకు మచ్చ కనిపించింది.

ఇక పసుపు. వజ్రంలో అక్కడక్కడా కర్బనం స్థానంలో నైట్రోజన్ చేరితే అది నీలి వెలుగును మింగేస్తుంది, మనకి పసుపు కనిపిస్తుంది. ఇక్కడే కొనేవాళ్ళు తికమకపడతారు. తెల్ల వజ్రాలను డి నుంచి జడ్ దాకా అక్షరాలతో కొలుస్తారు. అక్షరం కిందికి దిగేకొద్దీ పసుపు ఛాయ పెరిగి ధర తగ్గుతుంది. జడ్ దాటి రంగు ఇంకా చిక్కబడితే లెక్క తిరగబడుతుంది. ఫ్యాన్సీ లైట్, ఫ్యాన్సీ, ఫ్యాన్సీ ఇంటెన్స్, ఫ్యాన్సీ వివిడ్ అంటూ పైకి పోతుంది, ధరా దానితోపాటు పోతుంది.

"గీ రెండు రాళ్ళు చూడు బిడ్డా," అని మిత్రుడు తెల్లకాగితం మడత గాడిలో రెండు పసుపు వజ్రాలు పెట్టాడు. రెండూ ఇంచుమించు ఒకే బరువు. మొదట బోర్లించాడు. రెండూ ఒకే రంగులో ఉన్నాయి. తర్వాత వెల్లకిలా తిప్పాడు. గుండ్రటిది పలచబడిపోయింది. మూలలు కత్తిరించిన చతురస్రంలో ఉన్నది మాత్రం నిండుగా, నిమ్మపండు రంగులో నిలబడింది.

"ఎందుకు బాబాయ్ అలా?" అంది పిల్ల.

"గుండ్రటి దాంట్ల వెలుగు పోయి జల్ది తిరిగొస్తది. గీ రేడియంట్ కట్ల కింద పలకలెక్కువ. వెలుగు లోపల్నే ఇటుకొట్టి అటుకొట్టి వస్తది. ఎంతసేపు లోపలుంటే అంత రంగు పట్టుకొస్తది."

అందుకే తెల్ల వజ్రాన్ని బోర్లించి గ్రేడు కట్టే ల్యాబులు రంగు వజ్రాన్ని ముఖం పైకి పెట్టి చూసి గ్రేడు కడతాయి. చేతికి పెట్టుకున్నప్పుడు ఎలా కనిపిస్తుందో అదే దాని రంగు. సర్టిఫికెట్‌లో ముందుగా చదవాల్సింది బరువు కాదు, రంగు ఎక్కడిది అన్న గడి. సహజం అని ఉండాలి. రేడియేషన్‌తోనో అధిక ఉష్ణం, పీడనంతోనో తెప్పించిన రంగైతే ఆ సంగతి రాసి ఉంటుంది. రంగు పేరులో చివరి మాటే అసలు రంగు. బ్రౌనిష్ ఎల్లో అంటే గోధుమ ఛాయ ఉన్న పసుపు. ఆ ఛాయ ధరను దించుతుంది, కానీ కంటికి నచ్చితే దాన్ని కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. ఒక రాయిని కిటికీ అవతలికి, ఎండలోకి చాపితే కాస్త వెలవెలబోయింది. నీలి ఫ్లోరెసెన్స్ గట్టిగా ఉన్న రాయి అది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి లోపలి నుంచి నీలం వెలిగి పసుపును తగ్గిస్తుంది. షాపు దీపాల కింద మాత్రమే చూసి కొనేవాళ్ళకి ఈ సంగతి ఇంటికెళ్ళాకే తెలుస్తుంది.

ల్యాబ్‌లో పెంచిన రాళ్ళూ చూశాం. సూరత్‌లో ఇప్పుడు అవి జోరుగా పండుతున్నాయి. పసుపు రంగు తెప్పించడం అందులో తేలిక, నైట్రోజన్ తనంతట తానే దూరుతుంది. గులాబీ కావాలంటే రేడియేషన్ ఇచ్చి వేడి చేస్తారు. అవీ వజ్రాలే, గట్టిదనంలో లోటు లేదు, ధర ఎంతో తక్కువ. ఇష్టపడి కొనుక్కునేవాళ్ళని నేను వద్దనను. ల్యాబ్‌దని రాసిచ్చి అమ్మడమే అందులో ధర్మం. మా పిల్ల మనసు మాత్రం భూమిలోంచి వచ్చిన రాయి మీదే ఉంది.

మధ్యాహ్నం సానపట్టే చోటికి వెళ్ళాం. ఘంటీ అనే బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. మధ్యలో వజ్రపు పొడి, నూనె రాసిన ఇనుప చక్రం తిరుగుతుంటుంది. రాయిని బిగించిన పిడిని దాని మీద ఆనించడం, ఎత్తి లూప్‌లో చూడటం, మళ్ళీ ఆనించడం. ఎవరూ మాట్లాడరు. ఒక కుర్రాడు నేను నిలబడ్డంతసేపూ ఒకే పలక మీద ఉన్నాడు.

అసలు నేర్చుకున్నది ఆ తర్వాత వెళ్ళిన నగల కార్ఖానాలో. రాళ్ళు పొదిగే కారిగర్ బెంగాల్ నుంచి వచ్చినవాడు, నడివయసు మనిషి. ముందుగా అడిగింది ఒక్కటే: రంగు అసలుదా, ట్రీట్‌మెంట్‌దా? రేడియేషన్ రంగైతే మంట దగ్గరికి రానివ్వకూడదు, వేడికి మారిపోవచ్చు. సర్టిఫికెట్ చూశాక ఒప్పుకున్నాడు. ఉంగరాల నమూనాలు మూడు తీసి, మేం ఎంచుకున్న ముప్పావు క్యారెట్ ఫ్యాన్సీ ఇంటెన్స్ ఎల్లో రాయిని మైనంతో ఒక్కోదాని మీద అంటించి చూపించాడు.

మొదటిది మొత్తం ప్లాటినం. రాయి కింది పలకల్లో ఆ తెలుపు దూరి పసుపు నీరసించింది. రెండోది బయట ప్లాటినం, రాయి కూర్చునే గిన్నె, దాన్ని పట్టే కొక్కేలు మాత్రం పసుపు బంగారం. అదే రాయి ఒక గ్రేడు పైకి ఎక్కినట్టు కనిపించింది. మూడోది రాయి చుట్టూ బంగారు అంచు పూర్తిగా కట్టిన బెజెల్. నాలుగు వైపుల నుంచీ బంగారపు కాంతి లోపలికి పోయి, పసుపు అంచుల దాకా నిండింది. అల్లుడు ఆ మూడింటినీ ఆమె వేలి మీద మార్చి మార్చి పెట్టి చూశాడు. చామనఛాయ చేతి మీద మూడోది వెలిగిపోయింది.

మా అమ్మమ్మ రవ్వల బేసరి నాకప్పుడు గుర్తొచ్చింది. వెనక మూసేసి, లోపల రేకు పెట్టి కట్టిన క్లోజ్డ్ సెట్టింగ్ అది. రాయి వెనక ఏముంటే రాయికి ఆ రంగు వస్తుందని మన కంసాలులకు ఎప్పటి నుంచో తెలుసు. ఈ విద్యకి రెండో వైపూ ఉంది. కట్టేసిన రాయిలో ఏది రాయి రంగో ఏది బంగారం రంగో ఎవరూ చెప్పలేరు. కాబట్టి రాయిని విడిగా, తెల్లకాగితం మీద చూసే కొనాలి. కానీ కొనే ముందే ఏ లోహంలో, ఏ కట్టుబడిలో కూర్చోబోతుందో తేల్చుకోవాలి. ముందు రాయి కొనేసి డిజైన్ తర్వాత వెతుక్కునేవాళ్ళు ప్లాటినం మోజులో పడి, ఇంటెన్స్‌కి డబ్బు కట్టి అంతకంటే లేత రంగును చేతికి పెట్టుకుంటారు.

పిల్లకి బెజెల్ ఇంకో కారణానికి కూడా నచ్చింది. "రోజంతా గ్లవ్స్ వేసుకుని తీసే చెయ్యి మావయ్యా ఇది. కొక్కేలుంటే చిరిగిపోతాయి." రాయి ఎత్తు కూడా తగ్గించమంది. చుట్టూ చిన్న తెల్ల రవ్వలు పెడితే రాయి పెద్దదిగా కనిపిస్తుందని కారిగర్ చెప్పి చూశాడు. వద్దంది. నాకది సంతోషమనిపించింది. ఇంత మంచి రాయికి పక్కన సందడి అక్కర్లేదు. బంగారం 22 క్యారెట్లు వద్దన్నది మాత్రం కారిగరే. అది మెత్తన, రాయిని ఏళ్ళ తరబడి పట్టుకోవడానికి 18 క్యారెట్లే నయం.

మా అక్క సందేహం కూడా అక్కడే అడిగాను. కారిగర్ కనకపుష్యరాగం ఒకటి తెచ్చి వజ్రం పక్కన పెట్టి, రెండింటి మీదా నోటితో ఆవిరి ఊదాడు. వజ్రం మీద మసక క్షణంలో మాయమైంది, పుష్యరాగం మీద కాసేపు నిలిచింది. వజ్రం వేడిని అంత త్వరగా లాగేస్తుంది. కదిపి చూస్తే తేడా ఇంకా తెలిసింది. పుష్యరాగానిది మెత్తటి మెరుపు. వజ్రం పలకల అంచులు కోసినట్టు పదునుగా ఉన్నాయి, కదిలినప్పుడల్లా రంగురంగుల నిప్పురవ్వలు రాలుస్తోంది. ఆ తేడాను ఫోన్‌లో వీడియో తీసి అక్కకి పంపించాను.

ఆర్డర్ రాయించేటప్పుడు అల్లుడు ఒక ప్రశ్న వేశాడు. వజ్రం నడుము మీద లేజర్‌తో చెక్కిన సర్టిఫికెట్ నంబరు బెజెల్ కింద దాగిపోతుంది కదా, రేపు ఉంగరం చేతికొచ్చాక ఇది మన రాయేనని ఎలా తెలుస్తుందని. కారిగర్ రాయిని లూప్ కింద తిప్పి నంబరు ఉన్న వైపు చూసుకున్నాడు. అక్కడ బంగారాన్ని సన్నటి గాటుగా తెరిచి ఉంచుతానన్నాడు. పట్టుకి లోటు రాకుండా మూలకి దూరంగా, చిటికెన వేలి వైపు. చీటీ మీద ఆ గాటు బొమ్మ గీసి, పక్కన నంబరు రాసి, హాల్‌మార్క్ నంబరు కూడా ఉంగరం లోపల ఉండాలని జతచేశాక పిల్ల సంతకం పెట్టింది.