ఇట్లనే కనబడి ఇది కానిది

ఆత్మకూరులో ఎక్స్‌రే కవరు ఎవరూ పారేయరు. బీరువాలో పెళ్లి ఆల్బమ్ పక్కన దాచి పెడతారు. వనపర్తికో హైదరాబాదుకో పెద్ద డాక్టరు దగ్గరికి పోవాలంటే మొదట సంచిలో పడేది అదే.

మా పెదనాయన కొడుకు అక్కడే డాక్టర్. నాది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చీర ఫొటో పెడితే దాన్ని పోలిన చీరలన్నీ వెతికి చూపించే ప్రోగ్రాములు రాస్తాం. "ఇదే ఎక్స్‌రేలకు చేసిపెడితే ఎట్లుంటది అన్నా?" అని అడిగాను.

"ఇట్లాంటివే చూపిస్తే నాకేం లాభంరా? ఇట్లనే కనబడి, ఇది కానిది కూడా చూపియ్యాలె" అన్నాడు.

ఫ్లోరోసిస్ సంగతే చూడండి. నల్గొండ వాళ్లకు నేను చెప్పేదేముంది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే వెన్నెముక ఎక్స్‌రేలో మరీ తెల్లగా, చిక్కగా కనబడుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినా అట్లాగే తెల్లబడొచ్చు. కంప్యూటర్ ఈ రెండు ఫిల్ములనూ పక్కపక్కన పెడితే దాన్ని తప్పు పట్టలేం, పోలిక నిజమే. డాక్టరు మాత్రం ముంజేయి ఎక్స్‌రే కూడా తీయిస్తాడు, రెండు ఎముకల నడుమ పొర గట్టిపడిందేమోనని. ఏ ఊరు, ఏ నీళ్లు తాగుతవు అని అడుగుతాడు. ఆ జవాబు ఏ పిక్సెల్‌లోనూ దొరకదు.

అసలు వెతికేది ఏ కుప్పలో? 2017లో అమెరికా ఎన్‌ఐహెచ్ 1,12,120 ఛాతీ ఎక్స్‌రేలను అందరికీ అందుబాటులో పెట్టింది. వాటికి తగిలించిన లోపాల పేర్లు 14. అందులో టీబీ లేదు! టీబీకి వేరే సంచయాలున్నాయి, కానీ దీని ముందు చాలా చిన్నవి.

2019లో గూగుల్ పరిశోధకులు పాథాలజిస్టుల కోసం ఇట్లాంటి వెతుకులాట ఒకటి చేశారు. స్లైడులో ఏ ముక్క చూడాలో, ఏ లక్షణానికి ఎక్కువ విలువివ్వాలో డాక్టరే చెప్పొచ్చు. ఇది విని అన్న కొంచెం మెత్తబడ్డాడు.

ప్రస్తుతానికి ఆయన సెర్చ్ ఇంజన్ వాట్సాప్ గ్రూపు. ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి, పేషెంటు పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టి, ఫోన్‌తో ఫొటో తీస్తాడు. సగం ఫొటోల్లో ట్యూబ్‌లైటు గీత కూడా పడుతుంది. అయినా ఎవరో ఒకరు బదులిస్తారు: "ఇట్లాంటిది ఒకటి చూసిన. ముందు టీబీ అనుకున్నం, బయాప్సీలో వేరే వచ్చింది. ఆర్నెల్ల తర్వాతి ఫిల్మ్ కూడా ఉంది, పంపాల్నా?"

ఆ ఆర్నెల్ల తర్వాతి ఫిల్మ్ నా ప్రోగ్రాము ఎక్కడినుంచి తేవాలని అడిగాను. "మీ పెద్దమ్మ బీరువాలో చూడు" అన్నాడు.